అటక మీది పాత బిలియర్డ్స్ కర్ర: ఎవరు చేశారో, ఎప్పటిదో, ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం ఎలా?

"మా తాతగారి ట్రంకు పెట్టె వెనక ఒక బిలియర్డ్స్ కర్ర దొరికింది. తెల్ల బిళ్ల మీద ఇంగ్లీషులో ఏదో పేరుంది. వందేళ్ల నాటిదంటారా? ఎంత పలుకుతుంది?" ఈ ప్రశ్న విజయవాడ, గుంటూరుల నుంచి నాకు వస్తూనే ఉంటుంది. ప్రశ్నతోపాటు ఒక ఫొటో వస్తుంది, అదీ బిళ్లది మాత్రమే. బిళ్లను, అంటే పిడి మీద కంపెనీ పేరుతో అతికించే చిన్న పలకను, చూసి చెప్పగలిగేది తక్కువ. అదొక్కటే చూసి ధర చెప్పేవారిని మాత్రం నమ్మకండి. కర్రను ముందు కొలవాలి, తూచాలి, కలపను చూడాలి. బిళ్లను చదవడం ఆ తర్వాతి పని.

మన ఊళ్లకు ఈ కర్రలు రావడంలో వింతేమీ లేదు. 1889లో నిజాం రైలు బెజవాడకు చేరింది. కృష్ణ మీద వంతెన పడ్డాక మద్రాసు దారీ కలిసింది. గుంటూరు 1904లో జిల్లా కేంద్రమైంది, 1912లో పొగాకు కంపెనీ వచ్చింది. దొరలున్నచోట క్లబ్బు, క్లబ్బు ఉన్నచోట బల్ల ఉండడం ఆనాటి రివాజు. అసలు బిలియర్డ్స్ బల్ల మీదే రంగు బంతులతో ఆడే స్నూకర్ పుట్టిందే 1875లో జబల్‌పూర్ సైనికుల మధ్య. దాని నియమాలు ఒక రూపానికి వచ్చింది మన పాత మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊటీ క్లబ్బులో.

కావలసినవి

అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ ఉన్న టేపు. గ్రాముల్లో చూపే వంటింటి కాటా. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం. వెర్నియర్ కాలిపర్స్ (ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇంట్లో ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది). టార్చి, ఫోను, మెత్తటి పాత నూలు బట్ట, ఒక నోటు పుస్తకం.

సాండ్ పేపరు, వార్నిష్, ఇత్తడి మెరుగు పెట్టే ద్రావకం, నిమ్మచెక్క దగ్గర పెట్టుకోవద్దు. వాటిని చూస్తే చెయ్యి ఊరుకోదు.

1. తుడవకముందే ఫొటోలు తీయండి

దుమ్ముతోనే తీయండి. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా. మొత్తం కర్ర ఒకటి, పిడి నాలుగు వైపులా నాలుగు, బిళ్ల దగ్గరగా ఒకటి, పిడి అడుగు ఒకటి, కొస ఒకటి. కర్ర ఏదైనా గొట్టంలోనో తోలు సంచిలోనో ఉంటే దాని లోపల, బయట, మూత కింద కూడా తీయండి. పెట్టె మీద అంటించిన చిరుగు కాగితం చాలాసార్లు కర్ర కంటే ఎక్కువ కబుర్లు చెబుతుంది. పనికిరాని చెత్త అనుకుని పనిమనిషి పారేసేదీ ముందుగా దాన్నే.

ఆ తర్వాత పొడి బట్టతో తుడవండి. జిడ్డు వదలకపోతే బట్టను తడిపి గట్టిగా పిండి, ఒక్కసారి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి. అక్కడితో ఆపండి. "కొంచెం పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా ఉంటుంది" అని వడ్రంగికి ఇస్తే అతను నిజంగానే కొత్తదానిలా చేసి ఇస్తాడు. ఏళ్లతరబడి చేతులు తగిలి వచ్చిన నిగారింపు, ముద్ర వేసిన అంకెలు, బిళ్ల అంచులు అన్నీ ఆ ఒక్క పూటలో పోతాయి.

2. పొడవు, మందం, బరువు

పొడవు రాసుకోండి. ఇంగ్లీషు బిలియర్డ్స్, స్నూకర్ కర్రలు ఎక్కువగా 57, 58 అంగుళాలు, అంటే 145 నుంచి 147 సెంటీమీటర్లు ఉంటాయి. కొస మందం కాలిపర్స్‌తో కొలవండి. 9 నుంచి 10 మిల్లీమీటర్లుంటే స్నూకర్ కొలత. పాత బిలియర్డ్స్ కర్రల కొస కొంచెం లావుగా, 10 నుంచి 11 దాకా ఉంటుంది. 12, 13 ఉంటే మీ చేతిలో ఉన్నది అమెరికన్ పూల్ కర్ర కావచ్చు, దాని లెక్క వేరు. మన ప్రాంతంలో అవి పాతవి కనిపించడం అరుదు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

ఇప్పుడు బరువు. కాటా మీద చిన్న గిన్నె బోర్లించి, మీట నొక్కి సున్నా చేసి, దాని మీద కర్రను అడ్డంగా సరితూగేలా పెట్టండి. ఏ కొసా గోడకూ చేతికీ తగలకూడదు.

తర్వాత పిడి మీద, బిళ్ల కింది చదును భాగంలోనో పిడి అడుగునో టార్చిని ఏటవాలుగా పట్టి చూడండి. పాత కర్రల్లో చాలావాటికి అక్కడ బరువును ఔన్సుల్లో గుద్ది ఉంటారు: 15, 15½, 16½ ఇలా. దీన్ని మోడల్ నంబరనో, తయారైన ఏడాదిలో చివరి అంకెలనో అనుకోవడం మామూలు పొరపాటు. "16 అని ఉంది, 1916 నాటిదా?" అని అడిగినవారున్నారు. కాదు, అది తూకం.

ఔన్సు 28.35 గ్రాములు. అంటే 15 ఉంటే 425 గ్రాములు, 16 ఉంటే 454, 17 ఉంటే 482. ముద్రలోని తూకాన్ని మీ కాటా చూపిన తూకంతో పోల్చండి. అయిదారు గ్రాముల తేడా లెక్కలోది కాదు. కలప తేమను పీల్చుతుంది, వదులుతుంది. పాతిక గ్రాములు తక్కువుండి పొడవు కూడా తగ్గితే ఎవరో కర్రను కోశారు. పిడి వైపు కోస్తే బిళ్లకూ అడుగుకూ మధ్య దూరం పొట్టిగా, చూడగానే ఎబ్బెట్టుగా ఉంటుంది. పైన కోస్తే కొస లావుగా ఉంటుంది. తూకం బాగా ఎక్కువైతే మధ్యలో ఇత్తడి మరను (కర్రను రెండు ముక్కలుగా విప్పేందుకు పెట్టే బిగింపు) తర్వాత బిగించి ఉంటారు, లేదా పిడిలో సీసం పోసి ఉంటారు. ముద్ర లేకపోతే దిగులు పడకండి, అది అన్నింటికీ ఉండదు.

3. కలప

పైభాగం దాదాపు ఎప్పుడూ యాష్ లేదా మేపుల్. యాష్‌లో చారలు స్పష్టంగా కనిపిస్తాయి, చిత్రిక పట్టిన చోట అవి బాణం మొనల్లా ఒకదాని వెనక ఒకటి తేలతాయి. వేలికి కూడా కొంచెం గరుకు తెలుస్తుంది. మేపుల్ నునుపు, చారలు కనీకనిపించవు. మంచి పనివాడు యాష్ బాణాలు ఆటగాడి కంటికి ఎదురుగా వచ్చేలా పిడిని పెడతాడు. బాణాలు పక్కకు తిరిగి ఉంటే చవక రకమన్నా కావాలి, పైభాగం మార్చినదన్నా కావాలి.

పిడి నల్లగా ఉంటే అందరూ ఎబొనీ అంటారు. నల్ల రంగు పూసిన మామూలు కలప కూడా బోలెడు ఉంది. పెచ్చు లేచిన చోటో, అడుగు అంచునో భూతద్దంతో చూడండి. లోపల లేత గోధుమ రంగు కనిపిస్తే రంగు పూత. ఎబొనీ లోపలా నల్లగానే ఉంటుంది. నీళ్లలో వేస్తే మునుగుతుందని చదివి, కర్రను బకెట్లో ముంచకండి. రోజ్‌వుడ్ మనవాళ్లకు పరిచయమైన కలపే: ఎర్రటి గోధుమ రంగులో నల్ల చారలు.

4. అతుకు దగ్గర తొందరపడకండి

కర్ర పైభాగమూ పిడీ కలిసేచోట పిడి కలప నాలుగు కోసులుగా, అంటే మొనలుగా, పైభాగం లేత కలపలోకి సాగుతుంది. ఎవరు, ఎంత శ్రద్ధగా చేశారో చెప్పేది ఈ చోటే.

చేత్తో అతికిన కర్రలో, లేత కలపను అడుగు వైపు నాలుగు వాలుపలకలుగా చెక్కి, ఒక్కో పలక మీద నల్ల కలప ముక్క జిగురుతో అంటించి, ఆరాక మొత్తాన్ని గుండ్రంగా చిత్రిక పడతారు. అలా చేసినప్పుడు కోసులు పదునుగా ముగియవు, చివర్లు గుండ్రంగా వంపు తిరుగుతాయి. నాలుగు కోసులూ ఒకే ఎత్తులో ఉండవు. ఒకదానికీ ఇంకోదానికీ రెండు మూడు మిల్లీమీటర్ల తేడా రావచ్చు. ఆ తేడాను లోపమని అనుకోవద్దు, అది చేతిపని గుర్తు.

యంత్రంతో అతికినదానిలో రెండు కలపలకూ పళ్లు కోసి ఒకదానిలో ఒకటి దూరుస్తారు. కోసులు సూదిగా, సమానమైన ఎత్తులో వస్తాయి. ఇది చవక పద్ధతే గాని నాసి పద్ధతి కాదు, క్లబ్బుల్లో ఏళ్లతరబడి ఆడినవి ఎక్కువగా ఇవే.

మూడో రకం ఉంది. కోసులు అసలు కలపే కావు, రంగుతో గీసినవి లేదా కాగితపు బొమ్మ అంటించి వార్నిష్ కొట్టినవి. కనిపెట్టడం తేలిక: కోసు గీతను దాటేచోట భూతద్దం పెట్టండి. నిజమైన అతుకైతే గీతకు అటూ ఇటూ కలప చారలే మారతాయి. గీసినదైతే అడుగున ఒకే చార గీత కిందుగా సాగిపోతుంది.

చేతి అతుకు ఉన్నంత మాత్రాన కర్ర పాతదైపోదు. నేటికీ ఇంగ్లండ్‌లో, థాయిలాండ్‌లో చేతి అతుకు కర్రలు కొత్తవి చేస్తూనే ఉన్నారు. అతుకు చెప్పేది పనితనం గురించి, వయసు గురించి కాదు.

5. ఇప్పుడు బిళ్ల

బిళ్ల మీది సమాచారం ఎప్పుడూ "ఇంతకుముందుది కాదు" అని మాత్రమే చెబుతుంది. "ఇదిగో ఈ ఏడాదిది" అని చెప్పదు.

ఉదాహరణకు వాల్టర్ లిండ్రమ్ పేరు, 4137 అంకె ఉన్న బిళ్ల. ఆ ఆస్ట్రేలియన్ బిలియర్డ్స్ ఆటగాడు అన్ని పాయింట్ల బ్రేక్ (ఆట అవతలివారికి పోకుండా ఒకే వరసలో తెచ్చుకున్న పాయింట్లు) కొట్టింది 1932 జనవరిలో, లండన్‌లోని థర్‌స్టన్ హాల్లో. కాబట్టి ఆ కర్ర 1932 కంటే ముందుది కాదు. తర్వాత పదేళ్లకో ఇరవై ఏళ్లకో చేసింది కావచ్చు, అమ్ముడుపోయే పేరును కంపెనీలు వదులుకోవు. ఇంగ్లీషు స్నూకర్ ఆటగాడు జో డేవిస్ పేరుతో 147 ఉంటే 1955కు ముందుది కాదు, ఎందుకంటే ఆయన ఆ బ్రేక్ సాధించింది ఆ ఏడాది జనవరి 22న. 147 లేని జో డేవిస్ బిళ్ల అంతకుముందుదే అయి తీరాలనీ లేదు.

ఇంకో మాట. జో డేవిస్ పేరున్న కర్ర ఆయన ఆడిన కర్ర కాదు. ఆయన పేరుతో అమ్మిన కర్ర. పాపం, ఈ మాట చెప్పినప్పుడల్లా అవతలి గొంతు చిన్నబోతుంది.

కంపెనీ పేర్లలో మన వైపు చెవినపడేవి కొన్ని. బరోస్ అండ్ వాట్స్: 1836లో మొదలైన లండన్ సంస్థ, సోహో స్క్వేర్ చిరునామా. రైలీ: 1878లో మొదలై లాంకషైర్‌లోని అక్రింగ్టన్‌లో పెరిగినది. పెరడాన్: లివర్‌పూల్, 1885. ఆర్మ్ అండ్ సన్స్: మాంచెస్టర్. థర్‌స్టన్ 1799 నుంచి ఉన్న పాత లండన్ సంస్థ. అది లెస్టర్ స్క్వేర్‌కు మారింది 1901లో, అక్కడి హాలు 1940 అక్టోబరులో బాంబు పడి దెబ్బతింది. బిళ్ల మీద లెస్టర్ స్క్వేర్ అని ఉంటే 1901 తర్వాతిదని తేలుతుంది. చిరునామా వల్ల లాభం ఇదే.

బిళ్ల మీద "స్థాపితం 1836" అని ఉంటే అది కంపెనీ పుట్టిన ఏడాది. దాన్ని కర్ర పుట్టినరోజుగా పట్టుకుని వచ్చేవారి సంఖ్య తక్కువేమీ కాదు. ఆర్‌డి (Rd) అనే అక్షరాల పక్కన పెద్ద అంకె ఉంటే అది బ్రిటన్‌లో నమోదైన డిజైన్ నంబరు. ఆ వరుస 1884లో మొదలైంది. ఆ అంకె ఏ ఏడాదిదో పట్టికల్లో దొరుకుతుంది, అసలు రికార్డులు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇక్కడా అదే సూత్రం: డిజైన్ నమోదు చేసిన ఏడాది అది, మీ కర్ర చేసిన ఏడాది కాకపోవచ్చు.

బిళ్ల మార్చారా? అంచు చుట్టూ భూతద్దంతో ఒక్క చుట్టు తిరగండి. అంచుకూ కలపకూ మధ్య మైనమో పుట్టీయో నింపి ఉంటే అనుమానించండి. చుట్టూ కలప అరిగి, బిళ్ల మీది అక్షరాలు మాత్రం నిన్న చెక్కినట్టుంటే ఇంకా అనుమానించండి. బిళ్ల కింది నుంచి దాని కంటే పెద్ద పాత గుంట అంచు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

బిళ్ల దేనితో చేశారు? బొటనవేలితో గట్టిగా రుద్ది వేడెక్కాక వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. పాతబడ్డ సెల్యులాయిడ్ పసుపెక్కి, అంచుల దగ్గర వంకర తిరుగుతుంది. దంతమనిపించేలా దానిలో గీతలు కూడా వేసేవారు, కానీ ఆ గీతలు తిన్నగా, ఒకే దూరంలో ఉంటాయి. ఏనుగు దంతం అడ్డకోతలో గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వల అల్లినట్టు కనిపిస్తాయి. ఎముకలో నల్లటి సూది చుక్కలుంటాయి. కాల్చిన సూదితో గుచ్చి చూసే పద్ధతి ఎవరైనా చెబితే వినకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది.

6. తర్వాత మారినవేమిటి?

కొసన బంతికి తగిలే తోలు టిప్ పాతదా కొత్తదా అని చూడడం వృథా, చెప్పులకు కొత్త అట్ట వేయించినట్టు అది మారుతూనే ఉంటుంది. టిప్ కింద ఉండే ఇత్తడి ఫెర్రూల్ (కొస చీలకుండా వేసే పొన్ను) తళతళలాడుతుంటే అదీ మార్చినదే, తప్పేమీ లేదు. మధ్యలో మర ఉంటే 2వ మెట్టులో రాసుకున్న తూకం లెక్క చూడండి. పిడి అడుగున రబ్బరు బొడిపె ప్లస్ గుర్తు మరమేకుతో బిగించి ఉంటే ఆ బిగింపు 1930ల తర్వాతిది. అడుగున పొడిగింపు గొట్టం కోసం ఇత్తడి మర ఉండి, ఒళ్లంతా మందపాటి గాజు మెరుపు ఉంటే, బిళ్ల ఏ పేరు చెప్పినా కర్ర ఇటీవలిదే.

వంకర చూడాలంటే బల్ల మీద దొర్లించకండి. పిడికి ఒకవైపు చదును ఉంటుంది కాబట్టి తిన్నని కర్ర కూడా ఎగిరి పడుతుంది. పిడిని కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి, కొసను చూస్తూ నెమ్మదిగా తిప్పండి. కొద్దిపాటి వంపు ఉన్నా మన ఎండల్ని దాటొచ్చిన కర్రకు అది మామూలే. వేడి చేసి సరిచేస్తామనే వారికి ఇవ్వొద్దు, పాత జిగురు వదిలిపోతుంది. సన్నటి రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉంది. మిగతా కర్రసామాను నుంచి ముందు దాన్ని వేరు చేయండి.

7. ఎవరి చేతుల్లోంచి వచ్చింది?

ఇంట్లో పెద్దవారిని "ఇది ఎవరిదండీ?" అని అడిగితే "మీ తాతగారిదే" అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. అలా కాదు. "అమ్మమ్మా, ఇది ఇంటికి వచ్చినప్పుడు మీరు ఏ ఊళ్లో ఉన్నారు? తాతగారు అప్పుడు ఏ ఉద్యోగంలో ఉన్నారు? బదిలీ అయినప్పుడు ఎవరైనా బహుమతిగా ఇచ్చారా, క్లబ్బు వేలంలో కొన్నారా?" అని అడగండి. ఊరు, ఉద్యోగం తెలిస్తే ఏడాది దానంతటదే బయటపడుతుంది. సర్వీసు రిజిస్టరు, బదిలీ ఉత్తర్వులు, వీడ్కోలు సభ గ్రూపు ఫొటోలు వెతకండి. ఫొటో వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉంటాయి.

గొట్టం మీద, తోలు సంచి మీద అక్షరాలుంటే మన ప్రాంతంలో వాటికి మంచి తాళంచెవి ఉంది: రైల్వేలు. ఎం.ఎస్.ఎం.ఆర్. అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1908 నుంచి 1951 దాకా ఆ పేరుంది. ఎన్.జి.ఎస్.ఆర్. అంటే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే, 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనేసుకుంది. దక్షిణ మధ్య రైల్వే ముద్ర ఉంటే 1966 అక్టోబరు తర్వాతి మాట. సామాను చీటీ మీద "గుంటూరు, కృష్ణా జిల్లా" అని ఉంటే ఎగిరి గంతేయండి, అది గుంటూరు జిల్లా ఏర్పడకముందు, అంటే 1904కు ముందు రాసినది. అయితే చీటీ వయసు పెట్టెది. కర్ర ఆ పెట్టెలో మొదటి నుంచీ ఉందా అన్నది వేరే ప్రశ్న. పెట్టె లోపలి అరుగుదల కర్ర పొడవుతో, పిడి లావుతో సరిపోతుందో లేదో చూడండి.

పేరో ఇంటిపేరో దొరికితే పాత డైరెక్టరీలు తిరగేయండి. థాకర్స్ ఇండియన్ డైరెక్టరీ స్కాన్లు ఇంటర్నెట్లో దొరుకుతాయి, వాటిలో ఊరి వారీగా అధికారుల, వ్యాపారుల పేర్లుంటాయి. కంపెనీ ఎప్పుడు విడిపోయిందో, ఎప్పుడు మూతపడిందో లండన్ గెజెట్‌లో ఉచితంగా వెతకవచ్చు. ఇక్కడి క్లబ్బులకు వెళ్తే కర్ర పట్టుకుని వెళ్లకండి, ఫొటోలతో వెళ్లండి. కర్ర చూస్తే మాట ధర మీదికి మళ్లుతుంది. మీకు కావలసింది పాత సభ్యుల జాబితా, సామాను రిజిస్టరు, వేలం కాగితాలు.

8. తేలినదాన్ని రాసిపెట్టండి

రెండు గడులు గీయండి. ఒకదానిలో కంటితో చూసినవి, రెండోదానిలో విన్నవి. ఊహకు ఒక కర్రను తీసుకుంటే ఇలా ఉంటుంది:

చూసినవి: పొడవు 144.5 సెంటీమీటర్లు. ముద్ర 16, తూకం 451 గ్రాములు. యాష్, చేతి అతుకు, నల్ల పిడి లోపలా నలుపే. లిండ్రమ్ 4137 బిళ్ల, సెల్యులాయిడ్, అంచులు చెక్కుచెదరలేదు. రేకు గొట్టం మీద ఎం.ఎస్.ఎం.ఆర్.

విన్నవి: తాతగారికి ఇంగ్లీషు పైఅధికారి వెళ్లిపోతూ ఇచ్చారు (పెద్దత్తయ్య చెప్పినది).

తీర్పు: 1932కు ముందుది కాదు. గొట్టం 1951కి ముందుది. కర్ర కోత పడలేదు. అధికారి పేరు తేలలేదు.

ఇంతవరకు వస్తే పని బాగా జరిగినట్టే. "1932 నుంచి 1951 మధ్యది కావచ్చు" అన్న వాక్యాన్ని "1932 నాటిది" అని కుదించాలని నోరు ఊరుతుంది. కుదించకండి.

9. అమ్మాలన్నా, దాచాలన్నా

బిళ్లో ఫెర్రూలో ఏనుగు దంతమని తేలితే దాన్ని అమ్మడం, కొనడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వారసత్వంగా వచ్చినదైనా ముందు అటవీ శాఖ అధికారులను కలవండి. నూరేళ్లు దాటినదని అనిపిస్తే విదేశాలకు పంపకముందు పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న పత్రం తీసుకోవాలి. అమెరికాలో ఉన్న అబ్బాయి సూట్‌కేసులో పెట్టి పంపిద్దామనుకునేవారికి ఈ మాట ప్రత్యేకం.

దాచేటప్పుడు గోడకు చేరవేసి నిలబెట్టకండి, వంగుతుంది. పడుకోబెట్టండి, లేదా కొస దగ్గర కొక్కేనికి నిలువుగా వేలాడదీయండి. ఏడాదికోసారి పైభాగానికి అవిసె నూనె రెండు చుక్కలు పట్టించి, పొడిగా అయ్యేదాకా తుడవండి. ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడేయొద్దు, తనంతట తనే అంటుకునే గుణం దానికుంది. పరిచి ఆరేయండి. మే నెలలో కారులో మాత్రం వదలకండి. పార్సిల్ చేయాల్సి వస్తే కర్రను బట్టలో చుట్టి మందపాటి పీవీసీ పైపులో పెట్టి, రెండు చివర్లా స్పాంజి కుక్కి, మూతలు బిగించండి.